వెళ్లినవాడును, నిలిచినవాడును

ధ్యాన భాగములు: లూకా 9:57–62, మార్కు 7:9–13, 1 సమూయేలు 30:21–25



పని మీద దూరదేశము వెళ్లిన కుమారునికి, ఇంటివద్ద తండ్రి మరణించెనను కబురు అందినది. అతడేమి చేయవలెను? పనిని విడిచి రావలెనా, లేక పనియందు నిలువవలెనా?

మన కృష్ణా డెల్టాలో ఇది పుస్తకములలో మాత్రమే కనబడు ప్రశ్న కాదు. గుడివాడ, అవనిగడ్డ, మచిలీపట్నము ప్రాంతములలో అమెరికాకో, దుబాయికో, కువైటుకో బిడ్డను పంపిన ఇండ్లు అనేకములు. ఇంటిముందు టెంటు వేసి, భౌతికకాయమును ఐసు పెట్టెలో నుంచి, గన్నవరములో విమానము ఎప్పుడు దిగునో యని గడియారము వంక చూచుచు కూర్చుండుట మనకు క్రొత్త కాదు. 2020 మార్చిలో అంటువ్యాధి మూలమున విదేశములనుండి వచ్చు సాధారణ విమానములు నిలిచిపోయినప్పుడు, ఆ ఎదురుచూపు సహితము లేకుండ పోయెను. అనేకులు సెల్‌ఫోనులోనే తండ్రి ముఖమును కడసారి చూచిరి. వచ్చినవారిని ఊరు మెచ్చుకొనెను. రానివారిని గూర్చి, డబ్బు ముందు తండ్రి ఎంతటివాడు అని నలుగురు చెప్పుకొనిరి. ఆ మాట సమాధుల తోట గేటు దాటకముందే కుమారుని చెవిని చేరినది. దానిని మోయుచున్నవారు నేటికిని మన సంఘములలో నున్నారు. అట్టివారి నిమిత్తము ఈ సంగతిని వాక్యపు వెలుగులో పరిశీలింతము.

ఒక ఆటగాళ్ల జట్టు వృత్తాంతమును దృష్టాంతముగా తీసికొందును. ఆటకును భక్తికిని పొత్తేమి యని ఎవరును అనుకొనవద్దు. పరుగు పందెమును, మల్లయుద్ధమును విశ్వాసులకు మాదిరిగా చూపుటకు పౌలు సంకోచింపలేదు.

పరదేశము వెళ్లి ఆడుట ఏ జట్టుకైనను కష్టము. నేల వేరు, గాలి వేరు, బంతి లేచు తీరు వేరు. చుట్టును కూర్చున్న వేలమందిలో తనవారు కొద్దిమందియే. ఓడిననాడు వెళ్లి తలదాచుకొనుటకు ఇల్లు లేదు; మరునాడు మరల సంచి సర్దుకొని మరియొక ఊరికి పోవలెను. 1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆట కొరకు ఇంగ్లండుకు ఓడలో వెళ్లినప్పుడు ఆ వేసవియంతయు ఇట్లే గడచినది. ఆ టెస్టులో జట్టును నడిపిన సి. కె. నాయుడుగారు నాగపూరులో పుట్టినను తెలుగువారు. వారి వంశము మన మచిలీపట్నమునుండి వెళ్లినదే. లార్డ్స్ మైదానములో చేతికి దెబ్బ తగిలినను, మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసి తన జట్టులో అందరికంటె మిన్నగా నిలిచెను. ఆ కాలమున ఇంటినుండి చావు కబురు తంతిలో అందినను, ఓడ బొంబాయి రేవు చేరులోగా సమాధి మీది మట్టి ఎండిపోవును. వెళ్లుటయా నిలుచుటయా అను ప్రశ్నయే వారికి రాదు. విమానము వచ్చి మనకు ఎంచుకొను అవకాశము నిచ్చినది. ఆ అవకాశము వెంట నిందయు వచ్చినది.

2020 నవంబరులో భారత క్రికెట్టు జట్టు ఆస్ట్రేలియా చేరెను. వ్యాధి భయము చేత ఆటగాండ్లందరును సిడ్నీలో 14 దినములు కఠినమైన నియమముల నడుమ ఉండవలసి వచ్చెను. వారిలో హైదరాబాదు వాడగు మహమ్మద్ సిరాజు అను బౌలరు ఒకడు. అతని తండ్రి ఆటో రిక్షా నడిపి బిడ్డను పెంచెను. సిరాజు అంతవరకు ఒక్క టెస్టయినను ఆడలేదు. నవంబరు 20న హైదరాబాదులో తండ్రి మరణించెనను కబురు అతనికి చేరెను. ఇంటికి వెళ్లదలచిన వెళ్లవచ్చునని క్రికెట్టు బోర్డువారు చెప్పిరి. అతడు నిలిచెను. తాను దేశము పక్షముగా ఆడుట చూడవలెనని తండ్రి కోరెననియు, అక్కడే ఉండి ఆ కోరిక తీర్చుమని తల్లి ఫోనులో ధైర్యము చెప్పెననియు తరువాత అతడే తెలిపెను.

అదే జట్టులో మరియొకనిని చూడుడి. కెప్టెన్ విరాట్ కోహ్లీ, తన మొదటి బిడ్డ పుట్టు సమయమున భార్యయొద్ద నుండుటకై, మొదటి టెస్టు ముగియగానే ఇంటికి వెళ్లెను. ఈ సెలవు జట్టు బయలుదేరకమునుపే మంజూరైనది. కాని ఆ మొదటి టెస్టులో, డిసెంబరు 19న, అడిలైడులో భారత జట్టు రెండవ ఇన్నింగ్సు 36 పరుగులకే ముగిసెను. టెస్టు ఆటలలో మన జట్టుకు అంతకంటె తక్కువ మొత్తము ఎన్నడును లేదు. ఓడ మునుగుచుండగా నావికుడు దిగిపోవుచున్నాడని అతనిని విమర్శించినవారు కలరు. సిరాజును పొగడినవారు ఆ పొగడ్తనే రాయిగా చేసి కోహ్లీ మీద విసరిరి.

ఒకడు చావు కబురు విని నిలిచెను. మరియొకడు పుట్టుక కొరకు వెళ్లెను. ఒకని క్రియ ఒప్పయినయెడల రెండవవానిది తప్పు కావలెనా? లోకము అట్లే లెక్కించును. వాక్యము అట్లు లెక్కించుటలేదు.

ఇంకొక ఉదాహరణము. 1999లో ప్రపంచ కప్పు పోటీలు ఇంగ్లండులో జరుగుచుండగా సచిన్ టెండూల్కరు తండ్రి మరణించెను. సచిన్ ఇంటికి వెళ్లి తండ్రి అంత్యక్రియలు జరిపి, మరల ఇంగ్లండు చేరి, మే 23న బ్రిస్టలులో కెన్యా జట్టుపై ఔటు కాకుండ 140 పరుగులు చేసెను. మన ఆదికాండములోని యోసేపును ఇది జ్ఞాపకము చేయును. ఐగుప్తు రాజ్యభారము మోయుచున్న యోసేపు, ఫరోయొద్ద సెలవడిగి, కనానుకు వెళ్లి తండ్రియగు యాకోబును పాతిపెట్టి, మరల తన పనికి వచ్చెను (ఆది. 50:4–14). వెళ్లి వచ్చుటకు త్రోవ యున్నప్పుడు వెళ్లి వచ్చుటయే యోగ్యము. యోసేపు పనిని తండ్రికంటె గొప్ప చేయలేదు. తండ్రి నిమిత్తము పనిని పాడుచేయనులేదు.

అయితే లూకా 9వ అధ్యాయములో ప్రభువు చెప్పిన కఠినమైన మాట మాటేమి? తండ్రిని పాతిపెట్టి వచ్చెదనని సెలవడిగినవానితో, మృతుల సంగతి మృతులకు విడిచి నీవు వెళ్లి దేవుని రాజ్యమును ప్రకటింపుమని ఆయన చెప్పెను. ఈ వాక్యమును పట్టుకొని, దేవుని పని పేరట తలిదండ్రులను విడుచుటయే భక్తియని బోధించువారు కలరు. ఆ దేశపు ఆచారమును గమనింపుడి. యూదులు చనిపోయినవానిని సాధారణముగా ఆ దినముననే పాతిపెట్టుదురు. తండ్రి ఇంట శవమై యుండగా కుమారుడు దారిలో నిలిచి మాటలాడుచుండునా? కాబట్టి ఆ తండ్రి ఇంకను బ్రదికియున్నాడనియు, ఆయన ఉన్నంతకాలము ఇంటనుండి, ఆ మీదట వచ్చెదనని కుమారుడు వాయిదా అడుగుచున్నాడనియు వ్యాఖ్యాతలు అనేకులు తలంచుదురు. అట్లయిన ప్రభువు గద్దించినది దుఃఖమును కాదు, వాయిదాను. లాజరు సమాధియొద్ద కన్నీరు విడిచినవాడు దుఃఖించు కుమారుని గద్దించునా?

ఇప్పుడు మార్కు 7వ అధ్యాయము తెరవుడి. తలిదండ్రులకు ఈయవలసినదానిని కొర్బాను, అనగా దేవార్పితము, అని చెప్పి చేతులు దులుపుకొనువారిని ప్రభువు అంతే కఠినముగా గద్దించెను. ఈ రెండు భాగములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుడి. ఒకచోట తండ్రిని సాకుగా చూపి దేవుని తప్పించుకొనువాడు. మరియొకచోట దేవుని సాకుగా చూపి తండ్రిని తప్పించుకొనువాడు. ఒకడు ఇంటివైపు, ఒకడు గుడివైపు తిరిగియున్నాడు. అయినను ఇద్దరి లోపల నున్నది ఒక్కటే. ప్రభువు వారి కాళ్లు ఏ దిక్కునకు నడచుచున్నవో చూడలేదు. ఆ నడకకు వారు చెప్పుకొన్న కారణము నిజమా, సాకా అని చూచెను.

సాకునకును కర్తవ్యమునకును భేదమును ఎట్లు కనుగొందుము? నా మనస్సునకు మూడు గుర్తులు తోచుచున్నవి.

మొదటిది: సాకు మనుష్యుని భారమును తగ్గించును, కర్తవ్యము పెంచును. అయిదు వందల మంది ఓదార్చు ఇంటిని విడిచి, పరదేశపు హోటలు గదిలో ఒంటరిగా ఏడ్చుట సులభమైన త్రోవ కాదు. ఏ త్రోవ మనకు ఎక్కువ ఖరీదైనదో దానినే ఎల్లప్పుడును ఎన్నుకొనవలెనని నేను చెప్పుటలేదు. కాని మన నిర్ణయము మనకు ఏమియు ఖర్చు కాకయున్నయెడల దానిని రెండుమారులు పరీక్షింపవలెను.

రెండవది: నా స్థానములో మరియొకడు నిలువగలడా? బిడ్డ పుట్టునప్పుడు తండ్రి స్థానములో మరియొకడు నిలువలేడు. జట్టు నాయకుని స్థానములో మరియొకడు నిలువగలడు, నిలిచెను కూడ. కోహ్లీ వెళ్లిన తరువాత అజింక్య రహానె నాయకుడై మెల్‌బోర్నులో 112 పరుగులు చేసి జట్టును గెలిపించెను. హాజరై చేయవలసిన పని ఏదో, మరియొకని చేత చేయింపగల పని ఏదో తెలిసికొనుట జ్ఞానము.

మూడవది: ఇంట నున్నవారు ఏమి కోరుచున్నారు? చనిపోయిన తండ్రి కోరిక, బ్రదికియున్న తల్లి మాట సిరాజునకు తెలియును. తల్లి రమ్మని ఏడ్చుచుండగా నిలిచినయెడల అది వేరు సంగతియై యుండెడిది. తలిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞ, వారి మాట వినుటతో మొదలగును. ఊరివారి మాట వినుటతో కాదు.

సిరాజు మన విశ్వాసమునకు చెందినవాడు కాడు; ఆట దేవుని రాజ్యమును కాదు. అయినను ఇశ్రాయేలీయుడు కాని శతాధిపతియందు మెచ్చదగినదానిని ప్రభువు మెచ్చెను గనుక, మెచ్చదగినదానిని మెచ్చుటకు మనమును జంకనక్కరలేదు.

మరి మన డెల్టాలోనే, మన సంఘ చరిత్రలోనే, ఈ రెండు విధములవారును కలరు. 1841లో రాబర్టు నోబిలుగారును, హెన్రీ వాట్సన్ ఫాక్సుగారును చర్చి మిషనరీ సొసైటీ పక్షముగా మచిలీపట్నమునకు జంటగా వచ్చిరి. 1843లో నోబిలుగారు అక్కడ పాఠశాల తెరచిరి. అదియే తరువాత నోబిలు కాలేజీ యాయెను. ఆయన మరల స్వదేశము చూడలేదు. 1865లో మచిలీపట్నముననే కన్నుమూసెను. ఫాక్సుగారి త్రోవ వేరు. 1845లో వ్యాధిగ్రస్తురాలగు భార్యను, బిడ్డలను వెంటబెట్టుకొని స్వదేశమునకు బయలుదేరెను. ఆ ప్రయాణములోనే భార్య మరణించెను. మరుసటి యేట మరల మన తీరమునకు వచ్చెను. ఆరోగ్యము చెడి 1848లో తిరిగి వెళ్లి, ఆ యేడే ఇంగ్లండులో మరణించెను. ఒకరు నిలిచిరి, ఒకరు వెళ్లి, వచ్చి, మరల వెళ్లిరి. నోబిలుగారి సేవ నిజమై, ఫాక్సుగారి సేవ కొరతగలదియా? ఇద్దరును కలిసి నాటిన విత్తనపు పంట మనమే గదా.

అపొస్తలుల దినములలో సహితము ఈ కలహము కలిగెను. పౌలు, బర్నబా దూరప్రయాణములో నుండగా, వారితో వచ్చిన యోహాను మార్కు పెర్గేనుండి యెరూషలేమునకు తిరిగి వెళ్లెను (అపొ. 13:13). ఏల వెళ్లెనో వాక్యము చెప్పలేదు. రెండవ ప్రయాణమునకు అతనిని వెంట తీసికొనుటకు పౌలు ఒప్పుకొనలేదు. అందునుబట్టి అతడును బర్నబాయును వేరైపోయిరి. అయితే పౌలు తన చివరి దినములలో, మార్కు తనకు సేవకు ఉపయోగపడువాడు గనుక అతనిని వెంటబెట్టుకొని రమ్మని తిమోతికి వ్రాసెను (2 తిమోతి 4:11). ఇంటికి వెళ్లినవాడు పనికిరానివాడని ముద్రవేయుటకు మనము పౌలుకంటె గొప్పవారమా?

జట్టు వృత్తాంతమును ముగింతము. మెల్‌బోర్నులో డిసెంబరు 26న సిరాజు మొదటి టెస్టు ఆడెను. సిడ్నీలో 2021 జనవరి 7న జాతీయ గీతము పాడునప్పుడు అతని కన్నులు నీరు కార్చెను. ఆ ఆటలోనే ప్రేక్షకులలో కొందరు అతనిని జాతి పేరట దూషించిరి. అతడు తిరిగి దూషింపక అంపైర్లకు తెలిపెను. చివరి దినమున, కాకినాడలో పుట్టిన మన ఆంధ్ర ఆటగాడు హనుమ విహారి, తొడ కండరము చిట్లి పరుగెత్తలేని స్థితిలో, 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నిలిచెను. నడుము నొప్పితో నున్న అశ్విను రెండవ ప్రక్క నిలిచెను. ఆట ఓడిపోలేదు. గాయపడినవారు ఒక్కొక్కరుగా తప్పుకొనగా, ఆ నాలుగు టెస్టులలో మొత్తము 20 మంది ఆడవలసి వచ్చెను. చివరి టెస్టు బ్రిస్బేనులో. ఆ మైదానమున ఆస్ట్రేలియా 1988 తరువాత టెస్టు ఓడియుండలేదు. అక్కడ సిరాజు ఒక్క ఇన్నింగ్సులో 5 వికెట్లు తీసెను. జనవరి 19న మన జట్టు గెలిచెను. జనవరి 21న అతడు హైదరాబాదులో దిగి, ఇంటికి పోకముందు విమానాశ్రయమునుండి నేరుగా తండ్రి సమాధియొద్దకు వెళ్లెను.

గెలుపు వచ్చెను గనుక అతని నిర్ణయము సరియని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఒక్క వికెట్టయినను తీయకపోయినను ఆ నిర్ణయము అంతే సరియైనది. ఫలితమును చూచి ధర్మమును కొలుచుట లోకపు త్రాసు. నేను చూపగోరినది మరియొకటి. ఒక్క గెలుపులో ఇంటికి వెళ్లినవానికిని, నిలిచినవానికిని, కుంటుచు ఆడినవానికిని, గాయపడి మూల కూర్చున్నవానికిని పాలున్నది. బెసోరు వాగుయొద్ద అలసి నిలిచిపోయిన రెండు వందల మందికి దోపుడు సొమ్ములో పాలీయకూడదని కొందరు పలికినప్పుడు, యుద్ధమునకు పోయినవానికిని, సామానునొద్ద నిలిచినవానికిని సమానమైన పాలని దావీదు తీర్పు చెప్పి, దానిని ఇశ్రాయేలులో కట్టడగా నియమించెను.

ఇట మరియొక సంగతి మరువరాదు. సిరాజునకు బోర్డువారు ఎంచుకొను అవకాశము నిచ్చిరి. మన బిడ్డలలో అనేకులకు ఆ భాగ్యము లేదు. అప్పు చేసి కువైటు వెళ్లిన స్త్రీకి యజమాని సెలవీయడు. కాగితములు సరిగా లేనివాడు ఒకమారు వచ్చినయెడల మరల వెళ్లలేడు. ఆ అప్పు ముసలి తల్లి మీద పడును. రాలేనివానిని, రాకూడదని తలంచినవానితో కలిపి ఒకే మాటతో నిందించుట అన్యాయము. ఎవడు ఎట్టివాడో బయటనుండి మనకు తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, ఆయన ఊరి అరుగు మీద కూర్చుండువాడు కాడు.

అయితే దూరముననున్న బిడ్డలారా, మీతోను ఒక మాట. తండ్రి బ్రదికియున్న దినములలో వారమునకు ఒక్కమారైన మాటలాడనివాడు, చనిపోయినప్పుడు లక్షలు పెట్టి టిక్కెట్టు కొని పరుగెత్తుకొని వచ్చినను, ఆ టిక్కెట్టు కొర్బాను కాగలదు. సన్మానము సమాధియొద్ద మొదలుకాదు.

ఇంట నున్న సంఘమా, నీ పని మరింత స్పష్టము. కుమారుడు రాలేని ఇంటిలో ఇద్దరు యౌవనస్థులు కుమారుని స్థానమున పాడె మోయవలెను. ఒక పెద్ద ఆ బిడ్డకు ఫోను చేసి, తండ్రిని గౌరవముగా సాగనంపితిమని చెప్పవలెను. జనము వెళ్లిపోయిన తరువాత, జ్ఞాపకార్థ కూటము ముగిసిన తరువాత, ఆ విధవరాలి మందులు, బియ్యము, బ్యాంకు పని ఎవరు చూచుచున్నారో విచారింపవలెను. కొడుకు వచ్చెనా అని అడుగకముందు, మనము వచ్చితిమా అని అడుగుకొనవలెను.

తన పనిని విడిచి దిగిరాలేని కుమారుడొకడు ఉండెను. తల్లి ఎదుటనే నిలిచి ఏడ్చుచుండగా, ఆయన సిలువమీదనుండి దిగలేదు. ఆయన తల్లిని మరచి పనియందు నిలువలేదు. పనిని మరచి తల్లియొద్దకు రాలేదు. ప్రక్కనున్న స్నేహితునికి ఆమెను అప్పగించెను. ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొనెను (యోహాను 19:26, 27). రాలేని కుమారులు మన నడుమ ఎందరో యున్నారు. వారి తల్లులను చేర్చుకొను శిష్యులను ప్రభువు ప్రతి గ్రామములో లేపునుగాక. ఆమేన్.